గుమ్మం రాయికి ఇవతల

వాలబ్రూన పట్నం,
ద్రాక్ష తొక్కుళ్లు ముగిసిన వారం

ప్రియమైన సౌరీ,

నేను క్షేమం. ముందే చెప్పేస్తున్నాను, నేను చెబుతుంటే ఈ ఉత్తరం రాస్తున్నవాడు పెద్దదొరగారి గుమాస్తా పోన్స్. నువ్వు మన పాదిరి మొరాన్ చేత రాయించే జవాబు నాకు చదివి వినిపించేదీ వీడే. మనం అనుకునే ప్రతి మాటా పోన్స్ చెవిలో దూరి, పెద్దదొర చెవిలో దూరి, ఆ తరవాతే మనకి చేరుతుంది. మొగుడూ పెళ్లాల మధ్య ఇద్దరు మగాళ్లు పడుకున్నట్టుంది నా బతుకు. ఇది రాస్తూ పోన్స్ నవ్వుతున్నాడు. నవ్వనీ.

జామీనుగా ఉన్నా నన్ను బాగానే చూస్తున్నారు. సంకెళ్లు లేవు, వెనక కాపలా లేదు. ఊరంతా నా ఇష్టం. తూర్పు గుమ్మం తలుపులు పొద్దున్నించి చీకటి పడేదాకా బార్లా తెరిచే ఉంటాయి. ఆ గుమ్మం కింద నేలలో ఒక తెల్లరాయి పాతి ఉంది చూడు, అదే నా హద్దు. సువార్త మీద చెయ్యి పెట్టి, "గరసెంద కొడుకు ఇసార్న్ అనే నేను రెండేళ్లపాటు ఈ రాయి దాటను" అన్నాను. గాడిదలు దాటుతున్నాయి, మేకలు దాటుతున్నాయి, ఉల్లిపాయలమ్మే వాళ్లు రోజూ దాటుతున్నారు. రోకనెగ్ర దొరనని పేరున్న నేను మాత్రం దాటను. నా మాటే నా గొలుసు అని వీళ్లందరికీ తెలుసు, అందుకే ఇనుము ఖర్చు మిగుల్చుకున్నారు.

సంధి సంగతి నీకు తెలిసిందే అయినా పోన్స్ చేత మళ్లీ రాయిస్తున్నాను, సాక్ష్యంగా ఉంటుంది. ఈ రెండేళ్లలో ఎప్పుడైనా సరే, పెద్దదొర మనిషి వచ్చి, తాళంచేతులు పట్టుకున్న మనిషి ఎదుట నిలబడి, పేరు పెట్టి పిలిచి కోట అడిగితే, కోపమున్నా సంతోషమున్నా ఇవ్వాలి. బురుజు మీద ఆయన జెండా పది రోజులు ఎగరాలి. తరవాత కోట ఎలా తీసుకున్నాడో అలాగే తిరిగి ఇవ్వాలి. అడిగినప్పుడు కాదంటే కోటా పోయె, నా తలా పోయె. ఏ తప్పూ జరక్కుండా రెండో ఏటి మిఖాయేలు పండగ, అంటే సెప్టెంబరు నెలాఖరు, దాటిందా, ఇక మన వంశాన్ని ఆ బురుజు ఇమ్మని ఎవరూ అడగకూడదు. నేను ఇంటికి వచ్చేస్తాను.

పది రోజులంటే పది రోజులే అంటుంది ఆచారం. మోంక్లార్ దొర కూడా పాపం అలాగే అనుకుని ఇచ్చాడు. ఇప్పుడు బావమరిది ఇంట్లో రొట్టె తింటున్నాడు. ఈ వాక్యం రాయనన్నాడు పోన్స్. రాయరా నాయనా, ఊళ్లో కుక్కలకి కూడా తెలిసిన సంగతే అన్నాను.

తాళంచేతులు నీ నడుముకే ఉండాలి. నా తమ్ముడు ఓత్ వచ్చి వదినా వదినా అని ఎంత బతిమాలినా ఇవ్వకు. వాడు నాకు తమ్ముడే, కానీ పెద్దదొర బల్ల దగ్గర తాగిన వైన్ వాడి ఒంట్లో రక్తం కంటే ఎక్కువుంది. రొట్టెల పొయ్యి దగ్గర ఆడవాళ్ల జుట్టుపట్లు చూసుకో. ఎవరి వంతు ముందో నువ్వే చెప్పు, లేకపోతే ఈ శీతాకాలం ఊరు ఊరంతా పచ్చిపిండే తింటుంది. అమ్మకి చెస్ట్‌నట్ జావ పల్చగా కాచి పెట్టమను.

గోడకి ఇవతల నుంచి,
నీ ఇసార్న్


రోకనెగ్ర,
కొవ్వొత్తుల పండగ మర్నాడు

నా దొరకి, తెల్లరాయి కాపలాదారుకి నమస్కారాలు.

ఓత్ వచ్చాడు. మీరు చెప్పినట్టే వదినా వదినా అంటూ వచ్చాడు. "ఆడమనిషికి నడుం మీద అంత ఇనుం బరువెందుకు వదినా, నాకివ్వు" అన్నాడు. "బరువుకి అలవాటు పడింది మరిదీ, ఇప్పుడు తీస్తే ముందుకి తూలి పడతాను" అన్నాను. రెండు కోళ్లు తిని, కోపంగా వెళ్లిపోయాడు. కోపం ఎలాగూ ఉంది కదా అని మూడోది కూడా సంచిలో వేసుకుపోయాడు.

పొయ్యి దగ్గర వంతు నేనే పెట్టాను. ఇద్దరు తిట్టుకుంటే ఇద్దరి పిండీ చివరికి వెళుతుంది. ఇప్పుడు ఒకరినొకరు అక్కా చెల్లీ అని పిలుచుకుంటున్నారు. కళ్లతో మాత్రం తిట్టుకుంటున్నారు, దానికి శిక్ష ఇంకా ఆలోచించలేదు.

అసలు సంగతి ఇక్కడే చెప్పాలి, నోరు రావడం లేదు. అత్తగారు బతకరు. ఊపిరి పైపైనే ఆడుతోంది. తలుపు కిర్రుమంటే చాలు, "పిల్లాడొచ్చాడా?" అంటారు. మొన్న మొరాన్ పాదిరిని చూసి మీరనుకుని, "ఇంత బట్టతల ఎప్పుడొచ్చిందిరా" అని ఏడ్చారు. ఆయన కాదనలేదు పాపం, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నారు.

ఒక్క రాత్రి రండి. గుర్రం మీద పొద్దున బయలుదేరితే చీకటి పడేసరికి ఇక్కడుంటారు. పెద్దదొరగారిని అడగండి. ఆయనా ఒక తల్లి కన్నవారే. ఈ ఉత్తరం చదువుతున్న పోన్స్, నీకూ ఒక అమ్మ ఉండే ఉంటుంది, కాస్త గట్టిగా చదువు నాయనా. ఇవ్వనంటే అడక్కుండా రండి. అడిగి రాని కొడుకు కంటే అడక్కుండా వచ్చిన కొడుకు నయం.

మీ కోసం వాకిట్లో దీపం పెట్టి,
సౌరిమొండ


వాలబ్రూన,
ఉపవాసాల మొదటి వారం

ప్రియమైన సౌరీ,

అమ్మ పోయిన సంగతి ఉల్లిపాయలమ్మే మనిషి చెప్పాడు. నీ దగ్గర్నుంచి కబురు రాలేదు. రాకపోవడానికి కారణం నాకు తెలుసు.

నేను అడగలేదనుకోకు. మోకాళ్ల మీద కూర్చుని అడిగాను. పెద్దదొర బాదంపప్పు నములుతూ, "వెళ్లవయ్యా, తలుపు తీసే ఉందిగా. నేనేమైనా కాలు పట్టుకు లాగానా?" అన్నాడు. "సెలవిచ్చానని ఒక్క మాట అనండి" అన్నాను. "సెలవనేది నేనివ్వను, వెళ్లడం మాత్రం నీ ఇష్టం" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పళ్లికిలించారు.

నాకు అర్థమైంది. నేను దాటాలనే ఆయన కోరిక. హద్దు దాటినవాడి మాట మాట కాదు. వాడి చెయ్యి ఇక సువార్త మీద పెట్టనివ్వరు. ప్రమాణం చెయ్యలేనివాడు దొరగా ఉండలేడు, కోట పట్టలేడు. మనకి బిడ్డలు లేరు. కోట ఓత్‌కి వెళుతుంది, అంటే ఆ పూటే పెద్దదొరకి వెళుతుంది.

గుమ్మం దగ్గరికి వెళ్లాను సౌరీ. రాయి మీద కాదు, రాయికి ఇవతల నిలబడ్డాను. తలుపులు మూసేదాకా అక్కడే ఉన్నాను. మన కొండ కొసన నల్లగా కనిపించేది మన బురుజో మబ్బో తెలియలేదు. కాపలావాడు జాలిపడి కూర్చోమని బల్ల వేశాడు. వద్దన్నాను. ఆ రోజు నుంచి ఈ ఊళ్లో చిన్నపిల్లలు కూడా, ఏదైనా గట్టిగా చెప్పాలంటే, "ఇది ఇసార్న్ మాట" అంటున్నారు. నాకేమీ గర్వంగా లేదు.

అమ్మ మీద మట్టి వేసినప్పుడు నా పేరున కూడా ఒక పిడికెడు వేశావా?

ఇసార్న్


రోకనెగ్ర,
యోహాను మంటల పండగ తరవాత

ఇసార్న్ దొరగారికి,

ఏడాది దాటింది మీకు రాసి. రాయాలనిపించలేదు. మీరు పంపిన ఉత్తరాలన్నీ అందాయి, ఒక్కటీ చింపలేదు. మీ పేరున పిడికెడు మట్టి వేశాను. ఎందుకు వేశానా అని ఆ తరవాత చాలా రోజులు కుమిలిపోయాను.

ఇక ఇంటి కబుర్లు. పోయినేడు వడగళ్లకి పడమటి ద్రాక్ష పోయింది. మార్టిన్ పండగకి కొత్త వైన్ పీపాలు తెరిస్తే సగానికి సగం పులుపు. అయినా తాగారు, మన ఊరి మగాళ్లు తాగనిది ఏముంది గనక. మర చక్రం కొత్తది వేయించాను. పొలం గట్టు తగాదాలు గురువారాలు వింటున్నాను. మొదట్లో "దొరగారొచ్చాక చెప్పుకుంటాం" అనేవారు. ఇప్పుడు "దొరసాని చెప్పేసింది" అంటున్నారు.

మోంక్లార్ దొరసాని వచ్చి రెండు రోజులుండి వెళ్లింది. బావమరిది ఇంట్లో మెట్ల కింద గదిలో ఉంటున్నారట. "పది రోజులే కదా అని పట్టుచీర కూడా తెచ్చుకోలేదమ్మా" అని ఏడ్చింది. పట్టుగౌను అనాలి, మొరాన్ పాదిరికి ఆడవాళ్ల బట్టల పేర్లు తెలియవు, మీరే సరిచేసుకోండి. ఆవిడ వెళ్లిన మర్నాడే ఎవరో ఇద్దరు కొత్తవాళ్లు తేనె కొంటామని వచ్చి, తేనె వంక చూడకుండా బురుజు వంక చూస్తూ కూర్చున్నారు. గడువు ముగిసేలోపు అడుగుతారు. అడిగితే ఇవ్వాల్సిందే కదా. మీరు మాటిచ్చారు.

నాకు ఒంట్లో అంత బాగుండటం లేదు. గుర్రం ఎక్కడం మానేశాను. పుల్లటి చెర్రీలు తప్ప ఏదీ సయించడం లేదు. కాళ్లు వాస్తున్నాయి. కంగారు పడకండి.

సౌరిమొండ


వాలబ్రూన,
ఆగస్టు నెలాఖరు

సౌరిమొండకి,

ప్రియమైన అని మొదలుపెట్టమంటావా అని అడిగాడు పోన్స్. వద్దన్నాను.

నిన్న నేను చెప్పులు కుట్టించుకుంటుంటే ఆ చెప్పులవాడు, "తేనె రొట్టెలు ఎప్పుడు పంచుతారు దొరగారూ?" అన్నాడు. దేనికిరా అన్నాను. వీధి వీధంతా నవ్వింది. ఒక ముసలిది కిటికీలోంచి, "పాపం మొగుడు ఇక్కడ, మొక్క అక్కడ" అని అరిచింది. అలా తెలిసింది నాకు, నా భార్య కన్నదని.

పెద్దదొర మనిషి గౌసెల్మ్ కోట అడగడానికి మన గుమ్మానికి వచ్చాడట కదా. మన ఆడవాళ్లు అడ్డం నిలబడ్డారట కదా. "దొరసాని పురిటి గదిలో ఉంది, నలభై రోజులు చర్చిలో శుద్ధి అయ్యేదాకా పాదిరి తప్ప ఏ మగవాడూ ఆమె ఎదుటికి రాకూడదు, పేరు పెట్టి పిలవకూడదు" అన్నారట. లోపల్నుంచి పసిబిడ్డ ఏడుపు తన చెవులతో విన్నానని గౌసెల్మ్ ప్రమాణం చేశాడు. పురిటి ఆచారం కాదంటే బిషప్పుతో తంటా కాబట్టి వెనక్కి వచ్చాడు. నలభై రోజులకి మిఖాయేలు పండగ దాటిపోతుందని వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని పళ్లు నూరుతున్నాడు పెద్దదొర.

అదంతా నాకెందుకు? రెండేళ్లు కావస్తోంది నేనీ రాయి దాటి. మా అమ్మ చచ్చిపోతుంటే దాటలేదు. ఈ రాయికి ఇవతల నేను ఎండకి ఎండి వానకి తడిసి నిలబడింది ఎవరి కోసం? ఎవడు వాడు? ఓతా? లేకపోతే తేనె కొనడానికి వచ్చినవాడా? చెప్పు. చెప్పకపోయినా ఫరవాలేదు, నాకు ఈ ఊళ్లో నడవడానికి మొహం లేదు, దాక్కోవడానికి ఇల్లు లేదు. ఉరి వేసుకుందామన్నా గోడకి అవతలే చెట్లున్నాయి.

సంధికి సాక్షులుగా ఉన్న పెద్దల ముందు వచ్చే వారం నన్ను నిలబెడతారట. పెద్దదొర ఇవాళ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తన గిన్నెలో వైన్ పోసి ఇచ్చాడు. "బిడ్డ నాది కాదని ఒక్క మాట అను ఇసార్న్. దొంగబిడ్డకి పురిటి ఆచారం వర్తించదు. ఆమె చేతిలో తాళంచేతులూ ఉండవు. నీకు మంచి కుటుంబంలో పిల్లని నేను చూస్తాను" అన్నాడు. నిజం చెప్పడానికి ఇంత వైన్ ఎందుకు పోస్తున్నాడో నాకు అర్థం కాలేదు.

నీ జవాబు కోసం చూస్తాను. ఇదే ఆఖరిసారి.

ఇసార్న్


రోకనెగ్ర,
పురిటి గది నుంచి

ప్రియమైన మీకు,

మీరు అనకపోయినా నేను అంటాను.

ఆడపిల్ల. చెవులు మీవే, పెద్దవి, కొంచెం ముందుకి వంగి. అత్తగారి పేరు పెట్టాను. మొరాన్ పాదిరి నీళ్లు పోసి గరసెంద అనగానే తుమ్మింది.

అటక మీది ఉయ్యాల దింపించాను. పెళ్లయిన ఏడు మీరు చెక్కిన ఉయ్యాల. మూడుసార్లు దించాం, మూడుసార్లూ ఖాళీగానే ఎక్కించాం. మూడోసారి ఎక్కించింది మీరే. నిచ్చెన మీద మీరున్నారు, మంచం మీద నేనున్నాను, తలుపు దగ్గర మంత్రసాని బ్రూనా చేతులు కడుక్కుంటోంది. గదిలో నాలుగో మనిషి లేదు. బ్రూనా ముసలిది కూడా పోయింది, దేవుడు దాన్ని చల్లగా చూడాలి. ఆ రోజు మీరు నిచ్చెన దిగి నా పక్కన కూర్చుని నాతో ఏమన్నారో నేను మరిచిపోలేదు. మీరు మరిచిపోయారేమోనని భయంగా ఉంది.

మీరడిగిన దానికి నేను జవాబు చెప్పను. పోన్స్ గొంతులో మీరు నమ్మగలిగే జవాబు ఏదీ లేదు. పెద్దల ముందు మీకేది నిజమనిపిస్తే అదే చెప్పండి. మీరు కాదంటే ఈ పిల్లనీ నన్నూ ఆ రోజే బయటికి తోస్తారు, సాయంత్రానికి ఓత్ బురుజెక్కుతాడు. ఇందులో నేను దాచేదేమీ లేదు.

భయంగా ఉందండీ. ఇంతవరకు నాకు భయమంటే తెలియదు అనుకునేదాన్ని.

మీ సౌరి


వాలబ్రూన, ఖైదు కొట్టు గది,
సెప్టెంబరు

ప్రియమైన సౌరీ, నా బిడ్డ తల్లీ,

పోన్స్ చేత ఇది రాయిస్తుంటే వాడు నా మొహం వంక చూడటం లేదు. రెండేళ్లుగా నన్ను చూసి ఎంతటి మనిషినో అనుకున్నాడు పాపం.

పెద్దల ముందు నిలబడ్డాను. ముగ్గురు మఠాధిపతులు, బిషప్పు మనిషి, పెద్దదొర, వెనక ఊరంతా. పెద్దదొరే అడిగాడు, అందరూ వినాలని గొంతు పెంచి మరీ అడిగాడు. "ఇసార్న్, నీ భార్య కన్న బిడ్డ నీదేనా?"

"నాదే దొరా" అన్నాను.

"ఎలా?" అన్నాడు.

"అందరికీ ఎలాగో నాకూ అలాగే" అన్నాను.

"నువ్వు రాయి దాటలేదు కదా!"

"రాయి దాటలేదు దొరా. గోడ దాటాను. పోయిన నవంబరులో మార్టిన్ పండగ రాత్రి మీ కాపలావాళ్లంతా కొత్త వైన్ తాగి పడుకుంటే, తోళ్ల బజారు మురికి తూములోంచి బయటికి పాకాను. ఏటి అవతల పాడుబడ్డ మర దగ్గరికి నా భార్య వచ్చింది. తెల్లారేలోపు తిరిగి వచ్చాను. మాట తప్పాను. పాపం నాది."

బిషప్పు మనిషి, "ఎవరైనా చూశారా?" అని అడిగాడు. "ఆ పనికి సాక్షుల్ని వెంటబెట్టుకుపోయే ఆచారం మా ఊళ్లో లేదండీ" అన్నాను. ఒక మఠాధిపతి దగ్గు వచ్చినట్టు గడ్డంలో మొహం దాచుకున్నాడు.

పెద్దదొర ఊరుకోలేదు. "ఆ తూములో పిల్లి కూడా పట్టదు. అబద్ధం" అన్నాడు. అప్పుడు వెనకనుంచి ఎవరో, "ఇసార్న్ అబద్ధమాడడు దొరా" అన్నారు. ఆ చెప్పులవాడే అనుకుంటా. అయితే చూపించమన్నారు. ఊరంతా వెంట రాగా తోళ్ల బజారుకి నడిచాం. చొక్కా విప్పి, ఆ కంపులోకి తల దూర్చాను. పోయినసారి కంటే ఈసారి ఇరుగ్గా అనిపించింది, పెద్దదొర వంట బాగా తిన్నాను కదా. నడుం దగ్గర ఇరుక్కున్నాను. వెనక జనం పందాలు వేసుకుంటున్నారు. ముందుకీ పోలేక, వెనక్కీ రాలేక, ఆ మురికిలో కాసేపు అలాగే పడుకున్నాను. చిన్నప్పుడు అమ్మ నాకు చొక్కా తొడుగుతూ, "ఊపిరి వదిలెయ్యరా, అదే దూరుతుంది" అనేది. ఊపిరంతా వదిలేశాను. భుజాల చర్మం లేచింది, నేను బయటపడ్డాను.

సౌరీ, నేను గోడకి అవతల నిలబడ్డాను. ఏరు పారుతోంది. పాప్లార్ చెట్ల ఆకులు పండుతున్నాయి. మన దారి తెల్లగా కొండ మీదికి పోతోంది, దాని మీద ఒక గాడిద తప్ప ఎవరూ లేరు. గోడ మీద కాపలావాడు కూడా నన్నాపే పనిలో లేడు, నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పరుగెత్తొచ్చు. అదే తూములో మళ్లీ తల దూర్చి వెనక్కి వచ్చాను.

నిరూపణ అయిందన్నారు. బిడ్డ నాదేనని పెద్దలు రాసి ముద్ర వేశారు. పురిటి ఆచారం నీకు వర్తిస్తుంది, పండగ దాటేదాకా నిన్నెవరూ పిలవరు. హద్దు దాటిన తప్పు నా ఒక్కడిది, కోటకి అంటదు అన్నారు. పెద్దదొర మొహం చూడాల్సింది నువ్వు. అడిగింది ఆయనే కదా, వెనక్కి తీసుకోవడానికి లేదు.

మర్నాడు నన్ను చెప్పుల్లేకుండా గుమ్మం రాయి దగ్గర నిలబెట్టారు. నడుం పట్టీ కోశారు, కత్తి తీసుకున్నారు. దండోరా వాడు, "గరసెంద కొడుకు ఇసార్న్ మాట ఇక మాట కాదు, వాడి ప్రమాణం ఎవరూ పట్టరాదు" అని అరిచాడు. అమ్మ పేరు అలా వినవలసి వచ్చింది, అది ఒక్కటే కష్టమనిపించింది. నాకు బల్ల వేసిన కాపలావాడు నా వైపు ఉమ్మేశాడు.

పండగ దాకా ఈ కొట్టులో, తరవాత ఏడాది మఠంలో. ఆ తరవాత కూడా నేను దొరని కాను. కోట పిల్లది. దాని తరఫున నువ్వు ఏలు, ఎలాగూ ఏలుతూనే ఉన్నావు.

చెవులు నావే అన్నావు. సంతోషం.

ఇసార్న్


రోకనెగ్ర,
మిఖాయేలు పండగ వెళ్లిన వారం

ప్రియమైన నా దొరా,

మీరు కాదన్నా నాకు దొరే.

ఇది మీకు చదివేది పోన్స్ కాదు. మఠంలో పాపాలు వినే ముసలి సన్యాసి చదువుతున్నాడని, విన్నది బయటపెడితే ఆయన ఆత్మకే ముప్పని మొరాన్ పాదిరి నాకు పదిసార్లు చెప్పారు. అందుకే రెండేళ్ల తరవాత మొదటిసారి మీతో నోరారా మాట్లాడుతున్నాను. ముసలి తండ్రీ, కొంచెం నెమ్మదిగా చదవండి, ఆయనకి అన్నీ వినబడాలి.

నేను కనలేదు. అది మీకు తెలుసు. మూడోసారి తరవాత బ్రూనా చేతులు కడుక్కుంటూ, "ఇక ఈ తల్లి కడుపు పండదు దొరా, ఎవరి వల్లా కాదు" అంది. మీరు నిచ్చెన దిగి, "ఈ మాట ఈ గది దాటకూడదు, నిన్ను గొడ్రాలని ఎవరూ అనకూడదు" అన్నారు. దాటలేదు. అంచేత కబురు విని లోకమంతా ఎవడు వాడు అని అడిగినా, మీరొక్కరు మాత్రం ఎవడూ కాడని తెలుసుకోగలరు అనుకున్నాను. మీ కోపపు ఉత్తరం విన్నప్పుడు ఆ ఆశ కూడా పోయింది. ఉయ్యాల గురించి రాయడం తప్ప నాకు ఇంకో దారి తోచలేదు.

గౌసెల్మ్ విన్నది పసిబిడ్డ ఏడుపు కాదు. మేకపిల్ల. దుప్పట్లో చుట్టి పట్టుకున్నాను, అది నా మోచెయ్యి కొరికింది. రెండో రోజు బిషప్పు మనిషి బాప్తిస్మం ఎప్పుడని కబురు పంపాడు. మొరాన్ పాదిరి చేతులు జోడించి, "అమ్మా, నీ కోసం అబద్ధం రాస్తాను, నరకానికి పొమ్మంటే పోతాను, మేకకి మాత్రం నీళ్లు పొయ్యను" అన్నారు. ఏం చెయ్యాలో తెలియక కూర్చున్నాం. ఆ వారమే, ఉన్ని ఏకే మెలినా ఉంది చూడండి, ఆమె కూతురు ఒక పిల్లని కని కన్నుమూసింది. తండ్రి పేరు చెప్పకుండానే పోయింది పిచ్చిది. మెలినా బిడ్డని ఒడిలో పెట్టుకుని వచ్చి, "నా దగ్గర పాలు లేవు, నీ దగ్గర బిడ్డ లేదు" అంది. మర దగ్గరి ఆడది ఒకతె పిల్లకి పాలు ఇస్తోంది. పొయ్యి దగ్గర జుట్లు పట్టుకునే మన ఆడవాళ్లలో ఒక్కతీ నోరు విప్పలేదండీ. గౌసెల్మ్ ఎదుట అడ్డంగా నిలబడ్డది కూడా వాళ్లే.

నేను వేసిన పథకంలో ఒక్కటే చూసుకోలేదు. బిడ్డ మీది కాదని మీరంటే మేం పోతాం అనుకున్నాను. మీదే అనాలంటే మీరు మాట తప్పినవారు కావాలని నాకు తట్టనే లేదు. ఆడవాళ్ల ఆచారం గట్టిగా పట్టుకున్నాను, మగవాడి ప్రమాణం సంగతి మరిచిపోయాను. తట్టి ఉంటే చేసేదాన్నా? తెలియదు. రోజూ అదే ఆలోచిస్తున్నాను.

అత్తగారి కోసం రాలేదని ఏడాది పైన మీతో మాట్లాడలేదు నేను. రాని మనిషి ఇప్పుడు నా కోసం వచ్చానని ఊరందరి ముందూ చెప్పారు. రెండేళ్లు ఆ రాయి దగ్గర నిలబడ్డారు కాబట్టే మీ అబద్ధం నమ్మారు. వేరే ఎవడు చెప్పినా నవ్వి పంపేవారు. "పోయినసారి కంటే ఇరుగ్గా ఉంది" అన్నారు చూశారా, అక్కడ నవ్వాను, నవ్వుతూనే ఏడుపొచ్చింది. మొరాన్ పాదిరి చదవడం ఆపేసి బయటికి వెళ్లి కూర్చున్నారు.

పండగ వెళ్లింది. బురుజు మీద ఏ జెండా ఎగరలేదు. నిన్న పెద్దలొచ్చి కోట మీ వంశానిదని చదివారు. నేను పిల్లనెత్తుకుని సువార్త మీద దాని చెయ్యి పెట్టాను, అది ఆ చెయ్యి వెంటనే నోట్లో పెట్టుకుంది. "సౌరిమొండ కూతురు గరసెంద" అని రాసుకున్నారు. ప్రమాణాల్లో తల్లి పేరే రాస్తారు కదా, తల్లి నిజం, తండ్రి నమ్మకం అని పెద్దలు పెట్టిన పద్ధతి. మన పిల్ల దగ్గర ఆ పద్ధతి తల్లకిందులైంది. తల్లి అబద్ధం. తండ్రి మాత్రం తూములో చర్మం ఒలిపించుకుని నిరూపించిన తండ్రి.

మఠానికి గుమ్మం రాయి లేదట, పెద్ద తాళం ఉందట. మంచిదే. ఈ ఏడాది మిమ్మల్ని గోడ ఆపనీ, మీరు ఆపుకోనక్కర్లేదు. విడుదల రోజున నేనే వస్తాను, పిల్లని ఎత్తుకుని.

భుజాలకి బాతు కొవ్వు పంపుతున్నాను, రాయించుకోండి, తినెయ్యకండి. చెవుల సంగతి మాత్రం నేను పోన్స్ కోసం రాసిన మాట కాదు. నిజంగానే పెద్దవి. ఎలా వచ్చాయో దేవుడికే తెలియాలి.

గోడకి అవతల నుంచి,
మీ సౌరి